చేత్తో చేసిన కానుక అలమరలోకి పోకుండా రోజూ వాడకంలో ఉండాలంటే ఏం చేసివ్వాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. దగ్గరి స్నేహితురాలికి సొంతంగా ఏదైనా చేసివ్వాలనుంది. అది షోకేసులో దుమ్ము పట్టకూడదు, ఆమె రోజూ వాడాలి. ఆరు వారాల సమయముంది. రంపం పట్టడం, సూదిలో దారం ఎక్కించడం వచ్చు గానీ పెద్ద పనితనం లేదు. ఏం చేయాలి, ఎలా చేస్తే నిలుస్తుంది?

సూటిగా చెప్తాను. ఆమె ఇప్పటికే రోజూ వాడుతున్న వస్తువుల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని చోట నిలబడేది చేయండి. వంట చేసే మనిషైతే చెక్క గరిటె. రాసుకునే అలవాటుంటే చేత్తో కుట్టిన నోటుపుస్తకం. ఈ రెండూ కాకపోతే మందపాటి నూలు సంచి. మీకున్న సమయానికి, పనితనానికి ఈ మూడూ సరిపోతాయి. మట్టి కప్పు, సబ్బు, కొవ్వొత్తి లాంటివి మొదటి ప్రయత్నంగా వద్దు, ఎందుకో చివర్లో చెప్తాను.

ఇంకో మాట. ఏది చేసినా రెండు చేయండి. మొదటిది మీ ఇంట్లో రెండు వారాలు దయాదాక్షిణ్యం లేకుండా వాడి, ఉతికి, నానబెట్టి చూడండి. ఎక్కడ గుచ్చుకుంటోంది, ఎక్కడ కుట్టు వదులవుతోంది, తడిసినప్పుడు ఏమవుతోంది అన్నది అప్పుడే తెలుస్తుంది. రెండోది ఆమెకివ్వండి. ఆరు వారాలు సరిపోతాయని చెప్పింది ఈ లెక్క వేసుకునే.

చేత్తో చేసిన కానుకలు ఎక్కువగా పక్కకు వెళ్లిపోవడానికి కారణం పనితనం తక్కువ కావడం కాదు. పుచ్చుకున్నవాళ్లకి దాన్ని పాడుచేస్తామేమోనన్న భయం. గరిటె పిడి నిండా చెక్కడాలుంటే కడగడానికి చెయ్యి రాదు. నోటుపుస్తకం అట్ట మీద పూసలు కుడితే సంచిలో వేసుకోలేరు. సంచి మీద పెద్ద ఎంబ్రాయిడరీ ఉంటే అందులో తడి సామాను వేయడానికి మనసొప్పదు. రోజూ వాడే వస్తువుకి అలంకారం దాని ఆకారంలోనే ఉండాలి, పైన అంటించింది కాకూడదు. ఇది నా అభిరుచి అనుకున్నా ఫరవాలేదు గానీ, నున్నగా, సాదాగా ఉన్నవే అరిగేదాకా వాడకంలో ఉంటాయి.

కొలతలు తీసుకోవడం మర్చిపోకండి. బట్టలు కుట్టేటప్పుడు కొలుస్తాం, మిగతావాటికి మాత్రం ఊహించేస్తాం. ఆమెది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? రోజూ వాడే గిన్నె ఎంత లోతు? ఏ పెన్నుతో రాస్తుంది, బాల్‌పెన్నా, ఇంకు పెన్నా? సంచి భుజానికి తగిలించుకుంటుందా, చేత్తో పట్టుకుంటుందా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చెక్క గరిటె

గుండ్రంగా గుంట ఉన్న గరిటె కాకుండా చదునుగా, కొస పలచగా ఉండేది చేయండి. గుంట తొలవడానికి వంపు కత్తి కావాలి, దాని మీద చెయ్యి కుదరాలి. చదును గరిటెకి సన్నపళ్ల రంపం, ఆకురాయి, పదునైన చిన్న కత్తి, సాండ్ పేపరు ఉంటే చాలు. అడుగంటకుండా కలపడానికీ, గిన్నె అంచులు గీకడానికీ వాడకంలో ఇదే ఎక్కువ పనికొస్తుంది.

చెక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ఎక్కడో పడున్న పాత తలుపు ముక్క, పార్సిల్ పెట్టె చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) వాడొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పెట్టె చెక్కకి పురుగు మందు పట్టించి ఉండొచ్చు, ప్లైవుడ్ అంతా జిగురే. ఏ చెట్టుదో తెలిసిన, బాగా ఆరిన, రంధ్రాలు సన్నగా ఉన్న గట్టి చెక్క కావాలి. బీచ్, మేపుల్ లాంటివి ఇందుకు పేరున్నవి. ఓక్ గట్టిదే గానీ రంధ్రాలు పెద్దవి, వాటిలో మడ్డి చేరుతుంది. టేకు నీటికి బాగా ఓర్చుకుంటుంది, కాకపోతే అందులో ఉండే ఇసుక లాంటి పదార్థం వల్ల కత్తి పదును త్వరగా పోతుంది. చేవ ఉన్న భాగం తీసుకోండి. కొమ్మ పుట్టిన ముడి ఉంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: చెక్క నార పిడి పొడవునా, ఈ కొస నుంచి ఆ కొసకి తెగకుండా సాగాలి. చెక్కముక్కని పక్కనుంచి చూడండి. గీతలు అంచుకి సమాంతరంగా పోతే మంచిది. ఏటవాలుగా వెళ్లి మధ్యలో అంచులోంచి బయటికి పోతుంటే, ఆ గరిటె ఎంత అందంగా చేసినా మెడ దగ్గర ఏదో ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. విరిగిన గరిటెలు తీసి చూస్తే విరుపు దాదాపు ఎప్పుడూ ఈ ఏటవాలు గీత వెంటే ఉంటుంది. చెక్క గట్టిదా మెత్తదా అన్నది దీని తర్వాతే.

కొలతలు: 320 మి.మీ. పొడవు, 65 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న ముక్క తీసుకోండి. పూర్తయ్యాక గరిటె పొడవు 300, కొస వెడల్పు 60, పిడి 22 వెడల్పు 14 మందం ఉండి కోడిగుడ్డు కోతలా ఉండాలి. మెడ దగ్గర 18 వెడల్పు, 12 మందం కంటే తగ్గించొద్దు. ఆకు భాగం (గిన్నెలో తిరిగే వెడల్పు భాగం) మెడ దాటాక 8 మి.మీ. నుంచి కొస దగ్గర 2.5 మి.మీ.కి మెల్లగా పలచబడాలి. కొసని 2 కంటే పలచగా చేస్తే కొన్నాళ్లకే చిట్లుతుంది, 4 ఉంచేస్తే గిన్నె అడుగున జారుతుందే తప్ప గీకదు. ఆమె గిన్నె 20 సెం.మీ. కంటే లోతైనదైతే మొత్తం పొడవు 350 చేయండి, లేకపోతే వేళ్లకి ఆవిరి తగులుతుంది.

కొస అడ్డంగా తిన్నగా కాకుండా కొంచెం ఏటవాలుగా, దాదాపు 15 డిగ్రీలు ఉండాలి. మనం గరిటెని నిలువుగా పట్టుకోం, వాల్చి పట్టుకుంటాం కదా. వాలు ఏ వైపు అన్నది కుడి, ఎడమ చేతి వాటాలకి తారుమారవుతుంది. దాన్ని లెక్కలతో తేల్చే బదులు మందపాటి అట్టతో గరిటె ఆకారం కత్తిరించి, ఆ చేత్తో పట్టుకుని గిన్నెలో ఆనించి చూడండి. ఏ మూల అడుగుకి తగులుతూ అడ్డుపడుతోందో ఆ మూల కోసేయండి. ఆ అట్టే మీ నమూనా.

నమూనాని చెక్క మీద నార వెంట పెట్టి గీసుకోండి. గీత మీద కాకుండా ఒక మి.మీ. బయట కోయండి. పిడి నుంచి ఆకుకి తిరిగే చోట లోపలి మూల ఎప్పుడూ పదునుగా ఉండకూడదు, కనీసం 20 మి.మీ. వ్యాసార్ధంతో వంపు తిరగాలి. పదునైన మూల ఉంటే బలమంతా అక్కడే చేరి చీలిక మొదలవుతుంది. ఆకారం వచ్చాక ముందు ఆకుని పలచన చేయండి, ఆ తర్వాతే పిడిని గుండ్రం చేయండి. పిడి పలకలుగా ఉన్నంతసేపే దాన్ని బల్లకి గట్టిగా బిగించడం కుదురుతుంది.

కత్తి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి నడవాలి. వంపులో అయితే రెండు వైపుల నుంచీ కిందికి వచ్చి అడుగున కలవాలి. పల్లం నుంచి ఎత్తుకి కోస్తే కత్తి నారలోకి దిగి పెచ్చు లేస్తుంది. అలా లేస్తోందంటే ఆపి, చెక్కని తిప్పి రెండో వైపు నుంచి కోయండి. బలం ఎక్కువ పెట్టడం దీనికి మందు కాదు.

సాండ్ పేపరు 80, 120, 180, 220 వరుసలో వాడండి (అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ఏదీ దాటేయొద్దు. 80 చేసిన గీతల్ని 220 చెరపలేదు, నూనె పట్టించాక అవన్నీ తేలతాయి. 220 అయ్యాక చాలామంది చేయని పని ఒకటుంది: గరిటెని కుళాయి కింద తడిపి పూర్తిగా ఆరనివ్వండి. అణిగి ఉన్న నారలన్నీ గడ్డం మొలిచినట్టు లేస్తాయి. మళ్లీ 220తో తేలిగ్గా రుద్ది, ఇంకోసారి తడిపి ఆరబెట్టి, 320తో ముగించండి. ఈ పని మీరు చేయకపోతే స్నేహితురాలు మొదటిసారి కడిగినప్పుడు గరిటె గరుకెక్కుతుంది, అది పాడైపోయిందని ఆమె అనుకుంటుంది.

నూనె గురించి ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వంటనూనె పూయొద్దు. వేరుశెనగ, ఆలివ్ లాంటివి గాలికి గట్టిపడవు, చెక్కలోపలే ఉండి కొన్నాళ్లకి ముక్కిపోయి కంపు కొడతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, ఆహారానికి పనికొచ్చే రకం మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి శుద్ధి చేసి తీసే, రంగూ వాసనా లేని నూనె). ముక్కిపోదు, పూసిన రోజే వాడొచ్చు. కానీ ఎప్పటికీ గట్టిపడదు కాబట్టి కడిగినప్పుడల్లా కొంచెం పోతుంది, నెలకోసారి మళ్లీ పూయాలి. రెండోది అవిసె నూనె. ఇది గాలి తగిలి గట్టిపడుతుంది, అందుకే ఎక్కువకాలం నిలుస్తుంది. పలచగా పూసి, 20 నిమిషాలాగి, మిగులు అంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే పైన జిగటగా పొర కడుతుంది, అది ఎన్నాళ్లకీ ఆరదు. మూడు నాలుగు రోజుల తేడాతో మూడు పూతలు వేసి, ఆపైన మూడు నాలుగు వారాలు గాలి తగిలే చోట ఉంచాలి. హార్డ్‌వేర్ కొట్లో రంగుల పక్కన దొరికే 'బాయిల్డ్' అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, వంట సామానుకి అది వద్దు. తినడానికి అమ్మే రకమే తీసుకోండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విడదీసి ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. ఇది బెదిరింపు కాదు, వడ్రంగి షెడ్లు ఇలా తగలబడ్డ సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

తేనెమైనం కలిపిన పూత గరిటెకి అనవసరం. మైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, వేడి గిన్నెలో పెట్టగానే పోతుంది. కూరగాయలు కోసే పలకకైతే బాగుంటుంది: ఒక వంతు మైనం, నాలుగు వంతుల మినరల్ ఆయిల్ తూకం వేసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు. పలక చేస్తే రెండు వైపులా పూయడం మర్చిపోకండి. ఒకవైపే పూస్తే తేమ ఒకవైపే ఎక్కుతూ దిగుతూ పలక వంగిపోతుంది. వార్నిష్ మాత్రం గరిటెకి అసలు వద్దు, గీకుడికి పెచ్చులు లేస్తుంది.

కుట్టిన నోటుపుస్తకం

కాగితానికీ చెక్కలాగే నార ఉంటుంది. ఇది తెలియక చేసిన పుస్తకాలే తెరిచి పెట్టినప్పుడు తిరిగి మూసుకుపోతుంటాయి, అట్ట దగ్గర అలలు తిరుగుతుంటాయి. కాగితం నార పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. పరీక్ష తేలిక. కాగితాన్ని మడత పడకుండా మధ్యకి వంచి అరచేత్తో మెల్లగా నొక్కండి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఏ దిక్కులో తక్కువ ఎదురుతిరుగుతుందో ఆ వంపుకి సమాంతరంగా నార ఉన్నట్టు.

చిక్కు ఎక్కడంటే, మామూలు ఏ4 కాగితాల్లో నార సాధారణంగా పొడవు వెంట ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే నార వెన్నుకి అడ్డం పడుతుంది. దీనికి ఉపాయం: పొడవు వెంట నార ఉన్న ఏ3 కాగితం కొని సగానికి కోయండి. వచ్చే ఏ4 ముక్కల్లో నార పొట్టి వైపు వెంట ఉంటుంది. వాటిని సగానికి మడిస్తే నార సరిగ్గా వెన్ను వెంట వస్తుంది.

కాగితం 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి 100 గ్రాముల బరువు) తీసుకోండి. కొనే ముందు ఒక్క షీటు తెచ్చి, ఆమె వాడే పెన్ను లాంటి దాంతోనే రాసి చూడండి. ఇంకు పెన్నుకి కొన్ని కాగితాల మీద సిరా వేళ్లలా పాకుతుంది. మందం ఎక్కువైనంత మాత్రాన పాకదని కాదు, కాగితం తయారీలో పైన పట్టించే గంజిని బట్టి ఉంటుంది. గీతలున్నవా, తెల్లవా అన్నది ఆమె ఇప్పుడు వాడే పుస్తకం చూసి తేల్చుకోండి. మీ ఇష్టానికి ఇక్కడ చోటు లేదు.

ఐదు షీట్లు ఒకదాంట్లో ఒకటి మడిస్తే ఒక కట్ట. అలాంటివి ఆరు కట్టలు, అంటే 120 పేజీలు. మొదటి పుస్తకానికి ఇంతకంటే లావు వద్దు. మడతని ఎముక పలకతో గానీ చెంచా వెనకభాగంతో గానీ గట్టిగా రుద్ది, ఒక రాత్రి బరువు కింద పెట్టండి. కుట్టు రంధ్రాలు మడత మీద పైనుంచి 15, 60, 105, 150, 195 మి.మీ. దగ్గర, మొత్తం ఐదు. అట్ట మీద కొలతలు గుర్తుపెట్టుకుని, అదే అట్టని ప్రతి కట్టలోనూ పెట్టి సన్నని దబ్బనంతో లోపలి నుంచి బయటికి గుచ్చండి. కట్టకో కొలత తీసుకుంటే వెన్ను మెలికలు తిరుగుతుంది. దబ్బనం లావైతే రంధ్రం పెద్దదై కుట్టు ఎప్పటికీ బిగుసుకోదు.

పైఅట్టలకి 2 మి.మీ. మందం బూడిదరంగు గట్టి అట్ట, 151 × 216 మి.మీ. (మూడు వైపులా కాగితం కంటే 3 మి.మీ. ఎక్కువ). దీని నార కూడా నిలువుగానే ఉండాలి. మీద వేసే గుడ్డ లేదా కాగితం 191 × 256. మూలల్ని అట్ట కొసకి 3 మి.మీ. దూరంలో ఏటవాలుగా కోసి మడవండి. మరీ దగ్గరగా కోస్తే మూలలో అట్ట కనిపిస్తుంది, దూరంగా కోస్తే ముద్ద కడుతుంది. గుడ్డ వేస్తే దాని వెనక పలచని కాగితం ముందే అంటించి ఉండాలి, లేకపోతే జిగురు ఊరి మరకలు పడతాయి. జిగురు పీవీఏ (మామూలు తెల్ల జిగురు), పలచగా, మధ్య నుంచి అంచులకి.

పైన గుడ్డ అంటించాక అట్ట బయటివైపుకి వంగుతుంది. కంగారు పడొద్దు. లోపలివైపు 145 × 210 కాగితం అంటిస్తే అది ఇటు లాగి సమానం చేస్తుంది. ఆ తర్వాత పీల్చే కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఒక రాత్రంతా ఉంచాలి. మధ్యలో తీసి చూడకుండా ఉండగలగడమే ఇక్కడ అసలు పనితనం. అట్టల రంధ్రాలు వెన్ను వైపు అంచుకి 9 మి.మీ. లోపల, అవే ఐదు కొలతలకి 3 మి.మీ. కలిపి (అట్ట పైన 3 మి.మీ. ఎక్కువ కాబట్టి), అంటే అట్ట పైఅంచు నుంచి 18, 63, 108, 153, 198 మి.మీ. దగ్గర.

కుట్టుకి మైనం పట్టించిన లినెన్ దారం, దాదాపు రెండున్నర మీటర్లు. మైనం లేని దారమైతే తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగండి. మొదటి కట్టలోపలి నుంచి సూది బయటికి తీసి, అట్ట రంధ్రంలో బయటి నుంచి లోపలికి దింపి, అట్టకీ కట్టకీ మధ్య ఆ దారాన్నే ఒకసారి చుట్టి, వచ్చిన రంధ్రంలోకే తిరిగి వెళ్లాలి. లోపల నడిచి తర్వాతి రంధ్రంలోంచి రావాలి. రెండో కట్ట నుంచి అట్ట బదులు, కింది కట్టని దాని కింద ఉన్నదానితో కలిపిన కుట్టు వెనక నుంచి సూది పోనిచ్చి, మళ్లీ అదే రంధ్రంలోకి. వెన్ను మీద జడ అల్లినట్టు ఐదు వరుసలు వస్తాయి. వెన్నుకి జిగురు ఉండదు, అందుకే పుస్తకం ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. రోజూ రాసేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. చివరి అట్టని ఆరో కట్టతో కలిపే కుట్టుతోనే ఎక్కించాలి, విడిగా కాదు.

దారం లాగేటప్పుడు ఎప్పుడూ వెన్ను వెంటే, కుట్టు నడిచే దిక్కుకే లాగండి. పైకి గానీ వెనక్కి గానీ లాగారంటే రంధ్రం చీరుకుపోతుంది. బిగువు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. సగం కుట్టి రేపు చూద్దామని వదిలేస్తే తేడా కనిపిస్తుంది, కూర్చుంటే గంటన్నర పని. అంచులు సమానం చేద్దామని కత్తి పెట్టొద్దు. లోపలి కాగితాలు అర మి.మీ. ముందుకి రావడం సహజం, చేత్తో తిన్నగా కోయడం దాదాపు అసాధ్యం.

నూలు సంచి

ఇది తేలిక, త్వరగా చెప్తాను. 340 నుంచి 400 జీఎస్ఎం నూలు కాన్వాసు. కోయడానికి ముందే వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టండి. కొత్త నూలు గుడ్డ 3 నుంచి 5 శాతం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే కుంచించుకుపోతుంది. ఉతక్కుండా కుడితే గుడ్డ కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దారం కుంచించుకోదు, కుట్టు మొత్తం ముడతలు పడుతుంది.

98 × 41 సెం.మీ. ముక్క ఒకటే చాలు. అడుగున కుట్టు లేకుండా సగానికి మడిచి, పక్కలు ఒకటిన్నర సెం.మీ. వదిలి కుట్టి, పై అంచు 4 సెం.మీ. లోపలికి మడవాలి. అడుగు మూలల్ని త్రికోణంలా నొక్కి 10 సెం.మీ. అడ్డకుట్టు వేస్తే సంచికి 10 సెం.మీ. అడుగు, 40 సెం.మీ. ఎత్తు వస్తాయి. లోపలి కుట్టు అంచుల్ని పట్టీతో కప్పండి, లేకపోతే రెండు ఉతుకులకే పోగులు ఊడతాయి.

పట్టీలు 10 సెం.మీ. వెడల్పు, 70 సెం.మీ. పొడవు ముక్కలు, నాలుగు మడతలు పెడితే రెండున్నర సెం.మీ. వెడల్పు వస్తుంది. వీటిని పడుగు (గుడ్డ పొడవునా నడిచే పోగులు; అడ్డంగా నడిచేవి పేక) వెంటే కోయండి. పేక దారి గుడ్డ బరువుకి సాగుతుంది, పడుగు తక్కువ సాగుతుంది. సంచి ఎప్పుడూ గుడ్డ దగ్గర చిరగదు, పట్టీ కుట్టిన చోట చిరుగుతుంది. అందుకే పట్టీ కొస సంచి మీద 5 సెం.మీ. పడేలా పెట్టి, చదరంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకి అడ్డకుట్లు వేయండి. వెనక ఇంకో గుడ్డ ముక్క పెట్టి కలిపి కుట్టాలి. మిషన్ సూది 100/16, కుట్టు పొడవు 3 మి.మీ. చిన్న సూదితో ఎనిమిది పొరలు కుట్టబోతే విరుగుతుంది, కళ్లజోడు పెట్టుకోండి.

ఇవి మొదటిసారికి వద్దు

పొయ్యి లేకుండా గాలికి ఆరే మట్టితో కప్పు చేసి పైన వార్నిష్ వేస్తే తాగడానికి పనికిరాదు, నీరు తగిలితే మెత్తబడుతుంది. కొలిమిలో కాల్చినదైనా గ్లేజు (పైన గాజులా మెరిసే పూత) ఏమిటో తెలియకపోతే ఇవ్వకూడదు. గ్లేజు మీద నిమ్మచెక్క ఒక రాత్రి ఉంచి, రంగు గానీ మెరుపు గానీ మారితే అది పులుపుకి కరుగుతోందని అర్థం. మారకపోతే మాత్రం సురక్షితమని రుజువు కాదు, అది ప్రయోగశాలలో తేలాలి. క్షారంతో చేసే సబ్బు పోసాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి, మీ సమయమంతా దానికే సరిపోతుంది. క్షారం కళ్లలో పడితే చూపే పోవచ్చు కూడా.

వేడి గిన్నెలు దింపే గుడ్డలు చేద్దామనుకుంటే పైగుడ్డ, లోపలి దూది, దారం అన్నీ నూలువే ఉండాలి. అక్రిలిక్ ఊలు, పాలిస్టర్ దూది వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. రంగులు బాగున్నాయని క్రోషియా వాళ్లు ఈ పొరపాటు ఎక్కువ చేస్తుంటారు. తడిసిన గుడ్డతో పట్టుకున్నా చేయి కాలుతుంది, తడి వేడిని సూటిగా చేరవేస్తుంది. ఈ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పాలి.

సమయం, ఇచ్చే తీరు

గరిటె అయితే రెండో వారానికల్లా రెండూ చెక్కి, ఒకదానికి మినరల్ ఆయిల్ పూసి మీరు వాడటం మొదలుపెట్టండి. మీ వాడకంలో తేలిన లోపాన్ని బట్టి రెండోదాన్ని సరిదిద్దాలి కాబట్టి దానికి అవిసె నూనె అప్పుడే పూయొద్దు అనిపిస్తుంది. కానీ రెండో వారం దాటి పూస్తే ఇచ్చేనాటికి ఆరదు. అలా ఆలస్యమైతే దానికీ మినరల్ ఆయిలే పూసి, చిన్న సీసాలో 50 మి.లీ. నూనె జతచేయండి. పుస్తకం, సంచి ఒక్కోటి రెండు వారాంతాల పని.

వాడే విధానం చిన్న చీటీ మీద మూడు వాక్యాలకి మించకుండా రాయండి. గరిటెకి: నానబెట్టొద్దు, డిష్‌వాషర్లో వేయొద్దు. కడిగి తుడిచి నిలబెట్టి ఆరనివ్వు. పొడిబారి తెల్లబడితే నూనె పుయ్యి. చెక్క మీద నల్ల మచ్చలొస్తే తడి గరిటెని ఇనుప గిన్నెలో వదిలేసినట్టు; చెక్కలోని వగరు పదార్థానికి ఇనుము తగిలితే నలుపెక్కుతుంది, వాడకానికేం నష్టం లేదు. గరుకెక్కితే 320 సాండ్ పేపరు ముక్కతో రెండు నిమిషాలు రుద్దితే చాలు. ఆ ముక్క కూడా చీటీతో పాటు పెట్టేయండి.

పేరు, తేదీ వేయాలనుంటే గరిటె పిడి చివరి అంచు మీద గానీ, పుస్తకం వెనక అట్ట లోపల గానీ చిన్నగా వేయండి. ఆహారం తగిలే వైపు చెక్కినా, కాల్చినా ఆ గాడిలో మడ్డి నిలుస్తుంది. పుస్తకం కుట్టాక మిగిలిన దారం పారేయకండి. అర మీటరు దారం, ఒక సూది వెనక అట్ట లోపల చిన్న కవర్లో పెట్టివ్వండి, ఏ కుట్టయినా తెగితే ఆమె అదే దారంతో ముడేసుకోగలదు.